ఇడ్లీ ప్లేట్లు, బ్రౌన్ పేపరు, తుమ్మబంక: విశాఖలో పిల్లల బొమ్మల శిబిరం పని డైరీ

చోటు: ఎంవీపీ కాలనీలో ఒక కమ్యూనిటీ హాలు. వేసవి సెలవులు, పొద్దున 9 నుంచి 10:30 దాకా. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా 24 మంది పిల్లలు. నడిపేది రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, సాయానికి ముగ్గురు వాలంటీర్లం. నావి డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు అయిపోయాయి. వచ్చే వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్) శిక్షణకి వెళ్లాలి. ఆలోగా పిల్లల మధ్య పని తెలియాలని వచ్చాను. కాగితాలు, పోస్టర్ రంగులు నిర్వాహకులవి. మిగతా సామానుకి 3,000 రూపాయలు నా చేతికిచ్చారు.

పిల్లల బొమ్మ సరిగ్గా రాకపోతే "ఇంకా చెయ్యి తిరగలేదు" అనడం మనందరికీ అలవాటు. ఆ మాట అనే ముందు కాగితం, నీళ్లు, బ్రష్షు, కూర్చునే చోటు సరిచూడాలని ఈ శిబిరంలో నాకు గట్టిగా అనిపించింది. ఏవి మార్చామో, ఏవి పనిచేయలేదో, ఎంత ఖర్చయిందో వరసగా రాస్తున్నాను. ఇలాంటి శిబిరం పెట్టేవాళ్లు కావలసింది తీసుకోవచ్చు.

దశ 1: ముందు కొలత

గంటన్నరలో పిల్లల చెయ్యి కాగితం మీద నిజంగా ఎంతసేపు ఉంటోంది? ఇదొక్కటే కొలిచాం. దీనికి "చేతి సమయం" అని పేరు పెట్టుకున్నాం.

1. ముందు వరసలో ఒకరిని, వెనక వరసలో ఒకరిని ఎంచుకోవాలి. వాళ్లకి చెప్పకూడదు.
2. పాఠం చెప్పని వాలంటీరు ప్రతి రెండు నిమిషాలకి తలెత్తి చూడాలి.
3. చెయ్యి పనిలో ఉంటే ఒక టిక్కు. గీయడం, రంగు వేయడం, రంగు కలపడం, కత్తిరించడం, అన్నీ పనే. నిలబడటం, ఎదురుచూడటం, తిట్లు తినడం పని కాదు.
4. 90 నిమిషాలకి 45 చూపులు. టిక్కుల్ని రెండుతో హెచ్చిస్తే నిమిషాలు.

మొదటి లెక్క: ముందు వరస 20 టిక్కులు, అంటే 40 నిమిషాలు. వెనక వరస 11 టిక్కులు, 22 నిమిషాలు.

ఒకే హాలు, ఒకే మాస్టారు, ఒకే పాఠం. వెనక కూర్చున్న పాపకి సగం సమయమే దక్కింది. ఆ పాప బొమ్మ సగంలో ఆగిపోయి ఉంటే "నెమ్మది పిల్ల" అని పక్కన ఎవరో అన్నారు. టిక్కుల కాగితం చేతిలో లేకపోతే నేనూ తలూపేదాన్నే. కుళాయి వరండాలో, ముందు వరస పక్కన ఉంది. వెనకవాళ్లు నీళ్లు మార్చుకోవాలంటే చాపలన్నీ దాటి వెళ్లి, వరసలో నిలబడి, ఒలకకుండా మళ్లీ అన్నీ దాటి రావాలి.

దశ 2: నీళ్లు, రంగు గిన్నెలు

ముందు నీళ్లు. ఆరు చాపలు, చాపకి నలుగురు. కుళాయి దగ్గరికి పిల్లలు వెళ్లడం పూర్తిగా మానిపించాం.

1. చిన్న బకెట్లు రెండు. ఒకటి మంచినీళ్లకి, ఒకటి మురికినీళ్లకి. హాలు మధ్యలో పక్కపక్కన.
2. చాపకి ఒక పెరుగు డబ్బా, అర లీటరుది. మూడో వంతు దాకానే నీళ్లు.
3. డబ్బా అడుగున కడిగిన గులకరాయి, పిడికిలంత. ఇది లేకముందు మోచెయ్యి తగిలితే చాలు, డబ్బా బోర్లాపడి చాపంతా నీలం అయ్యేది. రాయి వేశాక ఒక్కటీ పడలేదు.
4. నీళ్లు మార్చే పని రోజుకి ఇద్దరు పెద్ద పిల్లలది. వాళ్లే తిరుగుతారు, మిగతావాళ్లు కదలరు.

తర్వాత రంగు. పోస్టర్ రంగు సీసాలు బల్ల మీద ఉంటే పిల్లలు వచ్చి ముంచుకుని వెళ్లేవారు. రెండో రోజుకే పసుపు సీసా బురద రంగుకి వచ్చింది. మట్టి ప్రమిదలు కొన్నాం, 24 ప్రమిదలకి 72 రూపాయలు. చూడటానికి బాగున్నాయి, పనికి రాలేదు. కాల్చిన మట్టి రంగులోని నీళ్లు పీల్చేస్తుంది. పావుగంటలో రంగు ముద్దకట్టి ప్రమిదకే అంటుకుపోయింది. రాత్రంతా నానబెట్టి వాడితే కాస్త నయం. కానీ రోజూ 24 ప్రమిదలు నానబెట్టి, కడిగి, ఆరబెట్టడం ఎవరి వల్లా కాదు.

పనికొచ్చింది పాత ఇడ్లీ ప్లేటు. పూర్ణా మార్కెట్‌లో పాత సామాన్ల దుకాణంలో తూకానికి దొరికాయి. నాలుగు గుంటల అల్యూమినియం ప్లేట్లు 12, మొత్తం 420 రూపాయలు. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: గుంట అడుగున చిల్లులు ఉండేవి కొన్ని ఉంటాయి, అవి వద్దు. ఇద్దరికి ఒక ప్లేటు. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, గుంటకి ఒక చెంచా. గుంటకి ఒక బ్రష్షు, ఆ బ్రష్షు ఆ గుంటని వదలదు. కలపాలంటే రెండు బ్రష్షులతో రంగు తెచ్చి చెత్త కాగితం మీద కలపాలి.

నల్ల రంగు ఇవ్వలేదు. మాస్టారికి ఇది నచ్చలేదు. నల్లది ఉంటే నీడకి, జుట్టుకి, రాత్రికి అన్నిటికీ అదే వాడేస్తారని నా వాదన. నీలంలో ఎరుపు, కాస్త పసుపు కలిపి జుట్టు రంగు తయారుచేసిన పిల్ల ఆ చెత్త కాగితం పట్టుకుని హాలంతా తిరిగి చూపించింది. మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురులో చూసి, "సరే, నల్లది బీరువాలోనే ఉండనీ" అన్నారు.

ఖర్చు: ప్రమిదలు 72, ప్లేట్లు 420, బకెట్లు 160. ఇప్పటిదాకా 652.
చేతి సమయం: ముందు 52, వెనక 46 నిమిషాలు.

దశ 3: ఆరబెట్టడం

మన సముద్రపు గాలికి పోస్టర్ రంగు తొందరగా ఆరదు. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయి, ఆపితే పిల్లలు చెమటలో తడుస్తారు. పేర్చి పెడితే ఒకదానికొకటి అంటుకుపోయాయి, విడదీస్తే ఇద్దరి బొమ్మలూ పోయాయి. కిటికీ ఊచల మధ్య నైలాన్ తాడు రెండు వరసలు, బట్టల క్లిప్పులు నాలుగు డజన్లు. తాడు పిల్లల భుజం ఎత్తులో కట్టండి, వాళ్ల బొమ్మ వాళ్లే వేలాడదీసుకుంటారు. కింద పాత న్యూస్‌పేపర్లు.

ఖర్చు: తాడు 60, క్లిప్పులు 120. మొత్తం 832.

దశ 4: బోర్డు మీది బొమ్మ

ఇక్కడ ఎక్కువ రోజులు పట్టింది. మాస్టారు రోజూ ఇరవై నిమిషాలు బోర్డు మీద ఒక బొమ్మ వేసేవారు: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఏరు, గుడిసె, కొబ్బరిచెట్టు. పిల్లలు చూసి వేసేవారు. 24 కాగితాలూ ఒకటే.

ఇది విశాఖపట్నం. ఈ పిల్లల్లో సగం మంది సముద్రం లోంచి సూర్యుడు రావడం రోజూ చూస్తారు. బీచ్‌లో నిలబడితే దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ నీళ్లలోకి చొచ్చుకొచ్చి కనబడుతుంది, ఉత్తరాన కైలాసగిరి. అవి ఒక్క కాగితంలోనూ లేవు. సూర్యుడు అందరికీ రెండు కొండల మధ్యే పుట్టాడు. కళ్లతో చూసిందాన్ని కాదని బోర్డుని నమ్మారు పిల్లలు. నన్ను బాగా కలతపెట్టింది ఇదే.

మాస్టారి అనుమతితో బోర్డు తుడిచేసి "మీ ఇష్టం వచ్చింది వెయ్యండి" అన్నాం. ఇది అసలు పనిచేయలేదు. "ఏం వెయ్యాలక్కా?" అని అడిగి అడిగి, చివరికి మళ్లీ రెండు కొండలే వేశారు. చేతి సమయం ముందు వరసలో 34, వెనక 28కి పడిపోయింది. బొమ్మ తీసేసి, ఆ చోట ఏమీ పెట్టకపోతే ఇంతే.

తర్వాత కుదిరిన పద్ధతి:

1. బోర్డు మీద నాలుగు నిమిషాలే. బొమ్మ కాదు, పనిముట్టు. బ్రష్షు ఎలా పట్టాలి, నీళ్లు ఎంత తీసుకోవాలి, తడి రంగు పక్కన తడి రంగు పెడితే ఏమవుతుంది.
2. వెంటనే తుడిచెయ్యాలి.
3. ఐదు నిమిషాలు ప్రశ్నలు. జవాబులో పిల్లల ఒళ్లు, చెయ్యి, నడక ఉండాలి.
4. అప్పటికీ ఎవరికైనా తోచకపోతే పక్కన కూర్చుని అదే ప్రశ్న నెమ్మదిగా మళ్లీ అడగాలి. వాళ్ల కాగితం మీద మన పెన్సిలు పెట్టకూడదు.

ప్రశ్న ఎలా ఉండాలన్నదే అసలు విషయం. "రైతుబజారు బొమ్మ వెయ్యండి" అంటే పని జరగలేదు. "ఆదివారం రైతుబజారుకి ఎవరెవరు వెళ్లారు? సంచి ఎవరు మోశారు? బరువు ఏ భుజం మీద? జనంలో మీకు ఏం కనబడుతుంది, మొహాలా, సంచులా?" అంటే ఒక ఆరేళ్ల పాప కాగితం నిండా సంచులు, కాళ్లు మాత్రమే వేసింది. ఆ ఎత్తు నుంచి కనబడేవి అవే. పాప వేసిన ఒక సంచిలోంచి ములక్కాడలు పైకి వచ్చి కాగితం అంచు దాటి పోయాయి.

ఖర్చు: లేదు.
చేతి సమయం: ముందు 62, వెనక 58.

దశ 5: జలాంతర్గామి పట్టని కాగితం

పెదజాలారిపేట నుంచి వచ్చే ఏడేళ్ల బాబు ఒకడు. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి చూసొచ్చాడు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉన్న ఓడ అది. వాడు ఏ4 కాగితం ఎడమ అంచున తోకతో మొదలుపెట్టాడు. ఒక గది, దాన్లో ఒకదాని మీద ఒకటి మంచాలు, మంచం మీద మనిషి. పక్కన ఇంకో గది, పొయ్యి, గిన్నె. గొట్టాలు, చక్రాలు. ప్రతి గదికీ గుండ్రటి తలుపు, తలుపులో దూరడానికి వంగిన మనిషి. సగం ఓడ కాకుండానే కాగితం అయిపోయింది.

"కాయితం అయిపోనాదక్కా. ముందు బాగం రానేదు."

ఇంకో కాగితం అతికించి ఇచ్చాం. అతుకు దగ్గర రంగు తడికి ఉబ్బి చిరిగింది, అది 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి 75 గ్రాముల) పలచటి జిరాక్సు కాగితం మరి. మూడోది అతికించేలోపు వాడికి విసుగొచ్చి మంచాలు వదిలేసి, ముందు భాగాన్ని బొటనవేలంత చేసి ముగించాడు. ఆ చివర చూస్తే ఎవరైనా "తొందరపడ్డాడు" అనే అంటారు. తప్పు కాగితానిది.

మార్చినవి:

1. బ్రౌన్ పేపరు రోలు, 18 అంగుళాల వెడల్పు. నాలుగు కిలోలు 280 రూపాయలు. పొడుగు కావలసినవాళ్లకి ఆరడుగుల ముక్క.
2. మిగతావాళ్లకి కార్ట్రిడ్జ్ పేపరు, అంటే మందపాటి డ్రాయింగ్ కాగితం. 40 పెద్ద షీట్లు, 480 రూపాయలు. ఒక్కో షీటు నాలుగు ముక్కలు, ముక్క 11 × 15 అంగుళాలు. తడికి అంతగా ఉబ్బదు.
3. బల్లలకి బదులు ఇంటి నుంచి పరీక్ష అట్టలు తెమ్మన్నాం. కాగితం అట్ట కంటే కాస్త బయటికి వస్తుంది, ఇబ్బంది లేదు.
4. గీయడం మొదలుపెట్టే ముందు ప్రతి పిల్లనీ అడగాలి: నిలువా, అడ్డమా, పొడుగా?

వాడికి ఆరడుగుల ముక్క పరిచాం. బోర్లా పడుకుని తోక నుంచి ముక్కు దాకా వేశాడు, మధ్యలో పాక్కుంటూ జరిగాడు.

తీసుకెళ్లడానికి వచ్చిన ఒకాయన చూసి, "ఇనప గోడ ఉంటుంది కదా నాన్నా, లోపలి మనుషులు బయటికెలా కనబడతారు? గోడ గియ్యి" అన్నారు. వాడు ఆగిపోయాడు. "లోపలికెళ్లి చూసొచ్చాడండి. చూసిందే వేస్తున్నాడు" అన్నాను. 1947లోనే విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళావిద్య పండితుడు పిల్లల బొమ్మల దశలు వివరిస్తూ, ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య ఇలా లోపలా బయటా ఒకేసారి చూపించే బొమ్మలు వస్తాయని చెప్పాడు. కాగితం అడుగున నేల గీత గీసి అన్నిటినీ దాని మీద నిలబెట్టడం కూడా ఆ వయసుదే. చదివినప్పుడు పరీక్ష కోసం చదివాను. ఇప్పుడు కళ్లముందు ఒక పిల్లవాడు మంచాలు లెక్కపెట్టుకుంటూ వేస్తుంటే, దాన్ని దిద్దడం ఎంత అన్యాయమో అర్థమైంది.

ఆ కాగితం మీదే పెద్ద పిల్లలకి ఒక లెక్క దొరికింది. అసలు ఓడ పొడవు 91.3 మీటర్లు. ఆరడుగులంటే 183 సెంటీమీటర్లు. అంటే దాదాపు 50 రెట్లు తగ్గింపు. 170 సెంటీమీటర్ల మనిషి 3.4 సెంటీమీటర్లే ఉండాలి. పదకొండేళ్ల ఇద్దరు స్కేలు పట్టుకుని అదే కొలతతో ఇంకో ఓడ వేశారు. వాళ్ల వయసుకి ఆ కొలత సంతోషం. చిన్నవాడి ఓడలో మనుషులు పది సెంటీమీటర్లున్నారు, వాళ్లని అలాగే ఉంచాం.

ఖర్చు: 760. మొత్తం 1,592.
చేతి సమయం: ముందు 66, వెనక 64.

దశ 6: రంగు తయారీ

ఒక పాప ఏటికొప్పాక లక్కబొమ్మ తెచ్చింది. వరాహ నది ఒడ్డున చేసే ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అంకుడు కర్రని తిప్పుతూ, రంగు కలిపిన లక్కని దానికి ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పడుతుంది. "మనం కూడా రంగు చేద్దాం" అన్నారు పిల్లలు. ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తెస్తామన్నారు. వద్దన్నాను. భీమిలి దారిలోని ఆ దిబ్బలు కాపాడుకోవలసిన భూవారసత్వ స్థలం, పిడికెడు కూడా తీయకూడదు. దుకాణంలో జాజు, అంటే ఎర్ర మట్టిరంగు, కొన్నాం.

వాడినవి: జాజు, పసుపు, బొగ్గు, బచ్చలి పండ్ల రసం, పసుపులో సున్నం కలిపిన పారాణి. సున్నం నేనే కలిపాను, పిల్లల చేతికి ఇవ్వకండి.

రంగు కాగితానికి అంటుకోవడానికి తుమ్మబంక:

1. ఒక చెంచా బంక పొడి, రెండు చెంచాల వేడినీళ్లు. రాత్రంతా నాననివ్వాలి.
2. పలచటి గుడ్డలో వడకట్టాలి.
3. జల్లించిన జాజు రెండు చెంచాలకి బంకనీళ్లు ఒక చెంచా. తర్వాత మామూలు నీళ్లు, బ్రష్షు జారేదాకా.

బంక లేకుండా వేసిన జాజు ఆరాక చేతికి పొడిగా రాలింది. బంక రెట్టింపు చేస్తే రంగు పగిలి, కాగితం చుట్టుకుపోయింది. పైన చెప్పిన పాళ్లు మూడో ప్రయత్నానివి. ఈ ఉక్కకి బంకనీళ్లు రెండు రోజుల్లో వాసన వచ్చి పైన తెల్లటి బూజు కట్టాయి. చిన్న సీసాకి రెండు చుక్కల లవంగనూనె వేసి ఫ్రిజ్‌లో పెట్టాక వారం నిలిచింది.

ఎండ పరీక్ష పిల్లలే చేశారు. ఐదు రంగుల పట్టీలు వేసి, సగం భాగానికి నల్ల అట్ట కప్పి, తూర్పు కిటికీకి అంటించారు. వారం తర్వాత అట్ట తీస్తే: పసుపు ఎండ తగిలిన వైపు దాదాపు తెల్లబడింది. బచ్చలి ఊదా పోయి గోధుమ మరక మిగిలింది. పారాణి ఎరుపు అట్ట కింద కూడా చప్పబడింది, కాబట్టి అది ఎండ పని మాత్రమే కాదు. జాజు, బొగ్గు రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. రాయి, మట్టి, బొగ్గు నిలుస్తాయి, ఆకు, పండు, దుంప వెలిసిపోతాయి అని పిల్లలే చార్టు మీద రాసుకున్నారు. ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఖర్చు: 230. మొత్తం 1,822.

దశ 7: రబ్బరు

తొమ్మిది దాటిన పిల్లలతో వచ్చే ఇబ్బంది ఇది. గీస్తారు, చెరుపుతారు, కాగితం మెత్తబడి చిరిగేదాకా. రబ్బర్లు తీసేసుకుంటే ఒకమ్మాయి ఏడ్చింది, కాబట్టి ఆ దారి మానేశాం. రబ్బర్లన్నీ ఒక డబ్బాలో వేసి హాలు చివర పెట్టాం. కావాలంటే లేచి వెళ్లి అక్కడే చెరుపుకుని రావాలి. చాలామంది నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి, తప్పనుకున్న గీతనే ఇంకోటిగా మార్చుకున్నారు. అలా కాకపోయినా ఫరవాలేదు, చెరపడం కూడా వాళ్ల హక్కే.

దశ 8: ప్రదర్శన

ఎంపిక చేయలేదు. ప్రతి పిల్లకీ ఒక బొమ్మ, ఏదో వాళ్లే ఎంచుకున్నారు. నల్ల చార్టు 12 షీట్లు, సగానికి కోసి వెనక అట్టలుగా వాడాం. ముందు పెద్దల కంటి ఎత్తులో, 150 సెంటీమీటర్ల దగ్గర తగిలించాం. పిల్లలు వాళ్ల బొమ్మలు వాళ్లే చూడలేక మెడలెత్తారు. అన్నీ దించి 110కి మార్చాం. పెద్దలు వంగి చూశారు, వంగినవాళ్లు ఎక్కువసేపు చూశారు. జలాంతర్గామిని గోడకి కాకుండా నేల మీద పరిచాం. పేర్లు పిల్లల చేతిరాతలోనే. బహుమతులు పెట్టవద్దని మాస్టారే అన్నారు, అందుకు ఆయనకి నా నమస్కారం.

ఖర్చు: 120. మొత్తం 1,942. పిల్లకి దాదాపు 81 రూపాయలు. మిగిలింది 1,058.

తర్వాతి బ్యాచ్‌కి మార్చాల్సినవి

1. బ్రష్షులు. ఇప్పుడున్నవి 6 నంబరు గుండ్రటివి, పొడుగు కాగితానికి చిన్నవి. మిగిలిన డబ్బుతో 10 నంబరువి, చదునువి కొనాలి. ముందు ఆరు కొని ఒక చాప మీద పరీక్షించాలి.
2. ఆరేళ్ల పిల్లలకి గంటన్నర ఎక్కువ. చివరి ఇరవై నిమిషాల్లో వాళ్ల టిక్కులు దాదాపు లేవు. ఆ సమయానికి మట్టిపని పెట్టి చూడాలి.
3. టిక్కులు వేసే వాలంటీరు రోజూ ఒకరే అయితే లెక్క నమ్మకంగా ఉంటుంది. మాలో మారుతూ వచ్చారు.
4. ఇడ్లీ ప్లేట్లు చింతపండుతో తోమి, ఆరబెట్టి, పాత దుప్పటిలో చుట్టి బీరువాలో పెట్టాం. పెరుగు డబ్బాల్లో రెండు పగిలాయి, గులకరాళ్లన్నీ ఉన్నాయి.